290 వాట్ల పవర్ సప్లై, పాత ఐ5 డెస్క్‌టాప్: ఏ గ్రాఫిక్స్ కార్డ్ పడుతుంది?

పాతడబ్బా
అందరికీ నమస్తే. నా దగ్గర ఆఫీసుల్లో కనిపించే రకం బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మరీ సన్నటిది కాదు, మినీ టవర్. ప్రాసెసర్ ఐ5-4590, ర్యామ్ 8 జీబీ డీడీఆర్3 ఒకటే స్టిక్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 10. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. ప్రాసెసర్‌లో ఉన్న ఇంటెల్ హెచ్‌డీ 4600తోనే నెట్టుకొస్తున్నాను. మానిటర్ 1080పీ, 60 హెర్ట్జ్. దానికి వీజీఏ, డీవీఐ తప్ప ఇంకే పోర్టూ లేదు.

1080పీలో మీడియం సెట్టింగ్స్‌తో గేములు ఆడాలి, అప్పుడప్పుడు కాస్త వీడియో ఎడిటింగ్ చేసుకోవాలి. ఆర్‌ఎక్స్ 6600 బాగుందని అందరూ అంటున్నారు. నా సిస్టమ్‌కి పడుతుందా? పవర్ సప్లై మీద 290 వాట్లు అని ఉంది. కంప్యూటర్ మొత్తం మార్చే ఆలోచన ఇప్పట్లో లేదు.

ఫ్రేమ్స్60
కళ్లు మూసుకుని 6600 తీసుకో బ్రో. 1080పీకి అది చాలు, పైగా మిగులుతుంది. సప్లై 550 వాట్లది వేసెయ్, గొడవ వదిలిపోద్ది.

స్క్రూడ్రైవర్
గొడవ మొదలయ్యేదే అక్కడ. పాతడబ్బా గారూ, ముందు సైడ్ ప్యానెల్ తీసి మూడు విషయాలు చూసి చెప్పండి.

మదర్‌బోర్డుకి వెళ్లే పెద్ద పవర్ కనెక్టర్‌కి పిన్నులు ఎన్ని? మామూలు బోర్డులకైతే 24 ఉంటాయి. ఇలాంటి ఆఫీసు మెషీన్లలో 8 పిన్నులో, 6 పిన్నులో ఉండేవి చాలా ఎక్కువ. అలా ఉంటే బయట దొరికే సప్లై నేరుగా ఎక్కదు, మధ్యలో ఒక కన్వర్టర్ కేబుల్ కావాలి. కొన్ని మోడళ్లలో హార్డ్ డిస్క్‌కి పవర్ కూడా సప్లై నుంచి కాకుండా మదర్‌బోర్డు నుంచే వెళ్తుంది.

సప్లై నుంచి ఎక్కడైనా 6 లేదా 8 పిన్నుల కేబుల్ ఖాళీగా వేలాడుతోందా? గ్రాఫిక్స్ కార్డ్ కోసం వచ్చేది అదే.

పొడవైన స్లాట్లు ఎన్ని ఉన్నాయి, వాటి కింద ఏం బిగించి ఉంది?

పాతడబ్బా
ఇప్పుడే తీసి చూశాను. మదర్‌బోర్డు కనెక్టర్ 8 పిన్నులే. ప్రాసెసర్ పక్కన ఇంకో 4 పిన్నులది ఉంది. ఖాళీగా వేలాడే కేబుల్స్‌లో సాటా పవర్ (డిస్కులకి కరెంటు ఇచ్చేది) ఒకటే కనిపించింది. పొడవైన స్లాట్లు రెండు. పైన నీలం రంగుది, అన్నిటికంటే కింద నల్లది. నీలం దాని కిందే ఉన్న చిన్న స్లాట్‌లో వైఫై కార్డ్ ఉంది.

సాటా నుంచి 8 పిన్‌కి మార్చే అడాప్టర్లు దొరుకుతున్నాయి కదా, అది వాడితే కుదరదా?

వాట్లలెక్క
దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్ట్లకు మూడు పిన్నులుంటాయి. ఒక్కో పిన్ను 1.5 ఆంపియర్లకు. అంటే మొత్తం 4.5 ఆంపియర్లు, 54 వాట్లు. గ్రాఫిక్స్ కార్డ్ 6 పిన్ కనెక్టర్ 75 వాట్లకు, 8 పిన్‌ది 150 వాట్లకు. 54 ఇవ్వగలిగిన చోట 150 అడిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా? నా దగ్గరికి రిపేరుకి వచ్చిన ఒక మెషీన్‌లో ఆ అడాప్టర్ ప్లాస్టిక్ కరిగి, పిన్నులతో కలిసిపోయి ఒకటే ముద్దయింది. కట్ చేసి తీయాల్సి వచ్చింది. కార్డ్ బతికింది, ఎస్‌ఎస్‌డీ పోయింది.

ఇంకో లెక్క. పీసీఐ ఎక్స్‌ప్రెస్ గ్రాఫిక్స్ స్లాట్ తనంతట తాను ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు, అందులోనూ 12 వోల్ట్ల మీద 66 మాత్రమే. ఆర్‌ఎక్స్ 6600కి 132 వాట్లు కావాలి, కాబట్టి 8 పిన్ కేబుల్ తప్పదు. మీ సప్లైలో అది లేదు. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలి. అదనపు కనెక్టర్ లేకుండా, 75 వాట్ల లోపు నడిచే కార్డులే వెతకండి.

ఫ్రేమ్స్60
సప్లై మార్చమనే కదా నేనన్నది. కన్వర్టర్ కేబుల్ దొరుకుతుంది, సప్లై దొరుకుతుంది. 75 వాట్ల కార్డ్ కొని ఏడాదికే మళ్లీ ఏడవడం ఎందుకు?

స్క్రూడ్రైవర్
మార్చొచ్చు, కాదనను. కానీ సప్లై, కన్వర్టర్, 6600 మూడూ కొని ఐ5-4590 పక్కన పెడితే ఏమవుతుంది? నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు, 2014 నాటి చిప్. కొత్త ఓపెన్ వరల్డ్ గేముల్లో ప్రాసెసర్ వంద శాతానికి వెళ్లి ఆయాసపడుతుంటే కార్డ్ సగం ఖాళీగా కూర్చుంటుంది. ఆ సగానికి కూడా డబ్బు కట్టినట్టే కదా. వచ్చే ఏడాది కొత్త సిస్టమ్ కట్టే ప్లాన్ ఉంటే మీ మాట సరైనది, సప్లై, కార్డ్ రెండూ అందులోకి వెళ్తాయి. ఆయన ఆ ప్లాన్ లేదన్నారు.

ఫ్రేమ్స్60
ఆ పాయింట్ ఒప్పుకుంటా.

రాత్రిగేమర్
నేను జీటీఎక్స్ 1050 టీఐ వాడుతున్నా. 75 వాట్లు, కనెక్టర్ అక్కర్లేదు, సెకండ్ హ్యాండ్‌లో ఎక్కడ చూసినా అదే. ఇలాంటి పాత సిస్టమ్‌లకి అందరూ వేసేది అదే కదా.

బిట్లబైట్ల
ఉన్నవాళ్లు హాయిగా వాడుకోవచ్చు గేమర్ భాయ్, ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి మాత్రం నేను చెప్పను. 1050 టీఐ 2016 నాటి పాస్కల్ తరానిది. పాస్కల్‌కి ఎన్విడియా 2025 అక్టోబరుతో గేమ్ రెడీ డ్రైవర్లు ఆపేసింది. ఇక 2028 అక్టోబరు వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే వస్తాయి. కొత్త గేమ్ వచ్చి ఏదైనా తేడా చేస్తే దానికోసం డ్రైవర్ రాదు.

దాని తర్వాతి జీటీఎక్స్ 1650 ట్యూరింగ్ తరానిది, డ్రైవర్లు మామూలుగానే వస్తున్నాయి. అదీ 75 వాట్లే. ఒక జాగ్రత్త: 1650లో కొన్ని మోడళ్లకి 6 పిన్ కనెక్టర్ ఉంటుంది. బాక్స్ మీద పేరు చూసి కొనేయకుండా కార్డ్ పై అంచు ఫోటో చూడాలి. మెమరీలో కూడా రెండు రకాలున్నాయి, 2019లో వచ్చిన జీడీడీఆర్5, ఆ తర్వాతి జీడీడీఆర్6. రెండోది దొరికితే అదే తీసుకోండి.

నిశ్శబ్దఫ్యాన్
ఆర్‌ఎక్స్ 6400 ఎవరూ అనలేదేంటి? 53 వాట్లే. వేడి లేదు, చప్పుడు లేదు, సన్నటి క్యాబినెట్‌లో కూడా పడుతుంది.

బిట్లబైట్ల
కొత్త బోర్డుల్లో చక్కటి కార్డ్. పాత బోర్డుల్లోనే దానితో పేచీ.

6400 స్లాట్‌లో వాడుకునేది నాలుగు లేన్లే (లేన్ అంటే కార్డ్‌కీ బోర్డుకీ మధ్య డేటా వెళ్లే దారి). పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 బోర్డులో నాలుగు లేన్లంటే సెకనుకు దాదాపు 8 జీబీ, సరిపోతుంది. అదే 3.0 బోర్డులో 4 జీబీ లోపుకి పడిపోతుంది. 2.0 అయితే 2 జీబీ. కార్డ్ మెమరీ 4 జీబీ దాకా గేమ్ సర్దుకున్నంత సేపు ఇదేం కనపడదు. మెమరీ నిండి, టెక్స్‌చర్లు సిస్టమ్ ర్యామ్ నుంచి ఆ ఇరుకు దారిలో రావాల్సి వచ్చినప్పుడు చూడాలి, తిరిగిన ప్రతిసారీ గేమ్ ఆగి ఆగి కదులుతుంది. సగటు ఫ్రేమ్ రేటు అంకె చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, ఆడేవాడికి మాత్రం చిరాకు.

ఇంకోటి, 6400లో వీడియో ఎన్‌కోడర్ (ఎక్స్‌పోర్ట్‌ని వేగంగా చేసే భాగం) లేదు. పాతడబ్బా గారు ఎడిటింగ్ కూడా అన్నారు.

నిశ్శబ్దఫ్యాన్
ఎన్‌కోడింగ్‌కి ఆయన ప్రాసెసర్‌లో ఇంటెల్ ఎన్‌కోడర్ క్విక్ సింక్ ఉందిగా?

బిట్లబైట్ల
ఉంది, మంచి పాయింట్. బయోస్‌లో (బోర్డు సెటప్ మెనూలో) లోపలి గ్రాఫిక్స్ ఆన్‌లో ఉంచితే వాడుకోవచ్చు. కాకపోతే ఆ తరంలో హెచ్.264 వరకే, దాని తర్వాతి వీడియో ఫార్మాట్ హెచ్‌ఈవీసీకి హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ లేదు. ఫోన్‌లో తీసిన హెచ్‌ఈవీసీ క్లిప్పులు ఎడిట్ చేస్తుంటే డీకోడింగ్‌కీ అది పెద్దగా సాయపడదు.

పిక్సెల్‌పిచ్చి
ఎడిటింగే కావాలంటే ఇంటెల్ ఆర్క్ ఏ380 చూడండి. 6 జీబీ, 75 వాట్లు, ఏవీ1 అనే ఇంకా కొత్త ఫార్మాట్‌కి ఎన్‌కోడింగ్ కూడా ఉంది. ఇక్కడ చెప్పిన కార్డుల్లో ఇది వేరేవాటిలో లేదు.

స్క్రూడ్రైవర్
ఆ ఒక్కటి ఈ మెషీన్‌కి వద్దు. ఆర్క్ కార్డులు రీసైజబుల్ బార్ (కార్డ్ మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే ఏర్పాటు) ఉంటేనే సరిగ్గా పరుగెత్తుతాయి. అది లేకపోతే పనితీరు బాగా పడిపోతుంది. ఇంటెల్ కూడా 10వ తరం, ఆపై ప్రాసెసర్లకే సిఫారసు చేస్తుంది. మీ ఐ5-4590 లాంటి నాలుగో తరం ఆఫీసు బోర్డు బయోస్‌లో ఆ ఆప్షన్ ఉండదు. ఎన్విడియా, ఏఎండీ కార్డులకి బార్ లేకపోయినా పెద్ద నష్టం ఉండదు.

కొత్తసభ్యుడు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాదీ ఐ5-4590యే, కానీ అసెంబుల్ చేసిన సిస్టమ్, హెచ్81 బోర్డు, 24 పిన్ సప్లై. ఇదంతా నాకూ వర్తిస్తుందా?

బిట్లబైట్ల
మీకు ఒక తేడా ఉంది. ప్రాసెసర్ 3.0 ఇవ్వగలిగినా, హెచ్81 చిప్‌సెట్ బోర్డుల్లో గ్రాఫిక్స్ స్లాట్ 2.0కే పరిమితం. అందుకే 6400 మీకు అసలే వద్దు. జీటీఎక్స్ 1650 పదహారు లేన్లూ వాడుకుంటుంది కాబట్టి 2.0లో కూడా సెకనుకు 8 జీబీ దాకా వస్తుంది.

పాతడబ్బా గారూ, మీ చిప్‌సెట్ ఏదో కూడా చూడండి. సీపీయూ-జెడ్ వేసుకుని మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌లోకి వెళ్తే అక్కడే కనిపిస్తుంది.

పాతడబ్బా
క్యూ87 అని ఉంది.

బిట్లబైట్ల
అయితే పై నీలం స్లాట్ 3.0, పదహారు లేన్లు. నల్లదాంట్లో పెట్టకండి. చూడ్డానికి అంతే పొడవున్నా, ఇలాంటి బోర్డుల్లో రెండోదానికి సాధారణంగా నాలుగు లేన్లే ఉంటాయి, అవీ చిప్‌సెట్ నుంచి 2.0 వేగంతో.

వాట్లలెక్క
ఇప్పుడు నా ఓటు చెబుతా: ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీది. 2024లో వచ్చింది. 70 వాట్లు, కనెక్టర్ లేని మోడళ్లు చాలా ఉన్నాయి. ఎనిమిది లేన్లు, అంటే 3.0లో దాదాపు 8 జీబీ దారి. ఎన్‌కోడర్ ఉంది, హెచ్‌ఈవీసీ చేస్తుంది. డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి, ఏఐతో పెద్దది చేసి ఫ్రేములు పెంచేది) ఉంది, 1650లో అది లేదు.

పేరు దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని ఉండండి. 3050 పేరుతోనే 8 జీబీది కూడా ఉంది. దానికి 130 వాట్లు, 8 పిన్ కావాలి, మీకు పనికిరాదు. 6 జీబీది దానికంటే నెమ్మది కూడా. కోర్లు 2560 నుంచి 2304కి తగ్గాయి, మెమరీ బస్ 128 బిట్ల నుంచి 96కి వచ్చింది. మెమరీ సైజు తప్ప మరేదీ మారనట్టు ఒకే పేరుతో అమ్మడం నాకు నచ్చదు గానీ, మీ అవసరానికి చిన్నదే సరైనది.

పవర్ లెక్క: ప్రాసెసర్ 84, కార్డ్ 70, బోర్డు, ర్యామ్, డిస్క్, ఫ్యాన్లు అన్నీ కలిపి ఇంకో 40 నుంచి 50. రెండొందల చుట్టూ. 290కి ఇబ్బంది లేదు.

రాత్రిగేమర్
సెకండ్ హ్యాండ్‌లో 1650 తీసుకుంటే చాలా మిగులుతుంది కదా? 3050 కొత్తదాని ధరకి, దానికీ బాగా తేడా ఉంటుంది.

వాట్లలెక్క
మిగులుతుంది. గేములు ఈ-స్పోర్ట్స్ రకమే అయితే 1650 చాలు, నేనూ అదే చెబుతా. 4 జీబీ మెమరీతో కొత్త గేముల్లో టెక్స్‌చర్లు తగ్గించుకోక తప్పదు, ఎడిటింగ్‌కీ 6 జీబీ హాయి. పాతది కొంటే మాత్రం చెల్లించకముందే జీపీయూ-జెడ్ (కార్డ్ వివరాలు చూపే ప్రోగ్రామ్) పెట్టి చూడండి. పాత చిప్‌కి బయోస్ మార్చి 1050 టీఐ అని అమ్మేసేవాళ్లు ఉన్నారు. అలాంటివాటిలో చాలావాటిని అది పట్టేసి పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. కాసేపు లోడ్ కూడా పెట్టించండి. డెస్క్‌టాప్ మీద ఐదు నిమిషాలు నడిచినంత మాత్రాన కార్డ్ బాగున్నట్టు కాదు.

పాతడబ్బా
3050 6 జీబీ వైపే మొగ్గుతున్నాను. టెన్షన్ అంతా రెండు విషయాల దగ్గరే. మానిటర్‌కి హెచ్‌డీఎంఐ లేదు. కార్డ్ రెండు స్లాట్ల మందం ఉంటే కిందున్న వైఫై కార్డ్ సంగతేంటి?

స్క్రూడ్రైవర్
మానిటర్‌కి డీవీఐ ఉంది కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి డీవీఐకి వెళ్లే మామూలు కేబుల్ చాలు. రెండూ డిజిటలే, 1080పీ 60కి ఏ ఇబ్బందీ లేదు. స్పీకర్లు మానిటర్‌లో ఉంటే వాటికి శబ్దం రాకపోవచ్చు, అంతే. వీజీఏ ఒక్కటే ఉన్న మానిటర్ అయితే లోపల చిప్ ఉన్న యాక్టివ్ కన్వర్టర్ కావాలి. ఇప్పటి కార్డులు అనలాగ్ సిగ్నల్ ఇవ్వవు.

వైఫై కార్డ్‌ని కిందున్న నల్ల స్లాట్‌లోకి మార్చండి. చిన్న కార్డ్ పెద్ద స్లాట్‌లో పనిచేస్తుంది.

కొనేముందు స్కేలు పెట్టి నీలం స్లాట్ వెనక బ్రాకెట్ నుంచి ఎదురుగా హార్డ్ డిస్క్ గూడు దాకా కొలవండి. ఒకే ఫ్యాన్ మోడల్ తీసుకుంటే ఆ చింతే ఉండదు. స్లాట్ చివర సాటా పోర్టులుంటే పొడవైన కార్డ్ వాటి మీదకి వచ్చి కేబుల్స్‌ని నొక్కేస్తుంది, అదీ చూడండి.

బిట్లబైట్ల
ఇంకొక్కటి. స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ దగ్గర ఏముందో చూడండి. యూఈఎఫ్‌ఐ అని ఉంటే మంచిదే. లెగసీ అని ఉంటే కార్డ్ పెట్టకముందే చెప్పండి. అలాగే మీ మోడల్‌కి వచ్చిన చివరి బయోస్ అప్‌డేట్ వేసెయ్యండి. పాత ఆఫీసు మెషీన్లలో కొత్త కార్డ్ పెట్టాక తెర నల్లగా ఉండిపోయే కేసులు కొన్ని దాంతోనే తీరిపోతాయి.

పాతడబ్బా
యూఈఎఫ్‌ఐ అనే ఉంది. బయోస్ అప్‌డేట్ కూడా అయింది. కొలిస్తే ఒకే ఫ్యాన్ కార్డ్ పట్టాక ఇంకా బోలెడు జాగా మిగిలేలా ఉంది. ఆర్డర్ పెట్టేశాను, వచ్చాక చెబుతాను.

ఫ్రేమ్స్60
పనిలో పనిగా ఇంకో 8 జీబీ స్టిక్ కూడా తీసుకో బ్రో. ఒకే స్టిక్ అంటే సింగిల్ చానెల్, ఇప్పటి గేములకి 8 జీబీ ఎటూ చాలదు. పాత డీడీఆర్3 స్టిక్‌లు చవగ్గానే వస్తాయి.

స్క్రూడ్రైవర్
ఫ్రేమ్స్ గారు చెప్పింది అక్షరాలా నిజం.

పాతడబ్బా
కార్డ్ వచ్చింది, పెట్టేశాను. ర్యామ్ కూడా 16 అయింది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని సెకన్లు తెర మీద ఏమీ రాలేదు, గుండె ఆగినంత పనైంది. తర్వాత లోగో వచ్చి మామూలుగానే విండోస్‌లోకి వెళ్లింది. డ్రైవర్ వేశాక జీపీయూ-జెడ్‌లో చూస్తే బస్ దగ్గర 8 లేన్లు, 1.1 అని చూపిస్తోంది. 3.0 రావాలి కదా?

బిట్లబైట్ల
కార్డ్ ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా కోసం వేగం తగ్గించుకుంటుంది. ఆ గడి పక్కన ప్రశ్నార్థకం గుర్తు ఉంటుంది. అది నొక్కి రెండర్ టెస్ట్ నడపండి, అంకె మారుతుంది.

పాతడబ్బా
అవును, 3.0కి మారింది. థాంక్సండి.

ఈ-స్పోర్ట్స్ గేములు హై సెట్టింగ్స్‌లో 60 నుంచి కిందికి దిగట్లేదు. పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్‌లో మాత్రం ఊళ్లోకి, జనం మధ్యకి వెళ్లగానే తడబడుతోంది. ఆ టైములో ప్రాసెసర్ 100 శాతం, కార్డ్ 60 చుట్టూ. గ్రాఫిక్స్ సెట్టింగ్ తగ్గించినా తేడా లేదు. ఎడిటింగ్‌లో ఎక్స్‌పోర్ట్ అయితే పోల్చడానికే లేదు, అంత తొందరగా అయిపోతోంది. గోడ దగ్గర మీటరు పెట్టి చూశాను, గేమ్ ఆడుతున్నప్పుడు 180 వాట్లు దాటలేదు.

స్క్రూడ్రైవర్
ప్రాసెసర్ పరిమితి అంటే అదే. మీరు తగ్గించాల్సింది టెక్స్‌చర్లు, షాడోలు కాదు, జనసాంద్రత, ఎంత దూరం దాకా కనపడాలి అన్నవి. వాటి భారం ఎక్కువగా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఫ్రేమ్ రేట్ 60కి లాక్ చేయండి. ఎలాగూ మానిటర్ 60 హెర్ట్జే, ప్రాసెసర్‌కి కాస్త ఊపిరాడుతుంది.

ఇంకా కావాలంటే అదే సాకెట్‌లో ఐ7-4770 పడుతుంది. నాలుగు కోర్లే, ఎనిమిది థ్రెడ్లు. వాట్లు కూడా అవే 84, కాబట్టి సప్లై లెక్క మారదు. ఈ తరం జియాన్‌లు (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లు) చవగ్గా వస్తాయని ఎవరైనా చెబుతారు. కానీ ఆఫీసు బోర్డుల బయోస్ వాటన్నిటినీ ఒప్పుకోదు. ఈ3-1231 వీ3 లాంటివాటిలో లోపలి గ్రాఫిక్స్ కూడా ఉండదు.

కొత్తసభ్యుడు
మా తమ్ముడి దగ్గర ఇంకా పాతది ఉంది, ఐ5-3470, సన్నటి క్యాబినెట్, 240 వాట్లు. వాడికి కూడా ఇదే కార్డ్ లో ప్రొఫైల్‌ది (సన్నటి క్యాబినెట్‌కి సరిపోయే పొట్టి రకం) దొరుకుతుందా?

వాట్లలెక్క
3050 6 జీబీలో లో ప్రొఫైల్ మోడళ్లు ఉన్నాయి. పొట్టి బ్రాకెట్ బాక్స్‌లో ఇస్తున్నారో లేదో చూసుకోండి. అవి సాధారణంగా రెండు స్లాట్ల మందం. సన్నటి క్యాబినెట్లలో గ్రాఫిక్స్ స్లాట్ పక్కనే పవర్ సప్లై గోడ వచ్చేస్తే రెండోదానికి చోటుండదు, అదే కొలవాలి. వాట్లపరంగా నడుస్తుంది. 3470ది 77 వాట్లే.

అసలు అడ్డంకి వేరే ఉంది. 3470 లాంటి మూడో తరం ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 (ఒకేసారి ఎక్కువ లెక్కలు చేయించే ఆదేశాల సెట్) లేదు, నాలుగో తరం నుంచే వచ్చింది. కొన్ని కొత్త గేములు అది లేకపోతే తెరుచుకోను కూడా తెరుచుకోవు, ఏ కార్డ్ పెట్టినా సరే. తమ్ముడు ఆడాలనుకునే గేముల కనీస అవసరాల్లో ఏవీఎక్స్2 ఉందో లేదో చూశాకే కార్డ్ మాట ఎత్తండి.

కొత్తసభ్యుడు
ఆ సంగతి వాడికి తెలీదు, నాకూ ఇప్పుడే తెలిసింది. గేముల లిస్టు తీసుకుని వస్తాను.